బోడిగుండుకూ మోకాలికీ

మెట్లు ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు తెలిసింది
నాకొక మోకాలుందని.
అంతవరకూ అది నా జతలోనే వస్తా ఉన్నింది,
పేరు పెట్టి పిలవాల్సిన పని లేని చెల్లెలి మాదిరి.

కానిస్టేబుల్ పరుగుకు అప్లికేషన్ పెట్టినప్పటి నించీ
నాలుగున్నరకల్లా రిమ్స్ రోడ్డు తారు మీద
నేనూ, రెండు కుక్కలూ, పాలవ్యానూ.
మొదటి వారం రెండు కిలోమీటర్లు, రెండో వారం ఎనిమిది.
కాళ్లంటే బ్యాంకు లోననుకున్నా,
తీసుకునేదే గానీ కట్టేది ఉండదని.
బూట్లు మా అన్న వదిలేసినవి.
ముందర దూది కుక్కి తొడిగేదాన్ని.
మడమలు బయటి పక్క అరిగి
వానకు ఒరిగిన మట్టిగోడల మాదిరి ఉండేవి.

పాలకొండల దావలో దిగతాంటే ఒకనాడు
చిప్ప కింద ఎవరో ఇసక పోసినట్టు
కరకర.
ఆ పొద్దు నించీ బస్సులో నిలబడితే బాగుండేది,
కూర్చుని లేస్తే పొడిచేది.
పాపమని సీటిచ్చినోళ్లకు
ఇదంతా ఏమని చెప్పేది?

అమ్మ ఆముదం కాచి పూసింది. ఉప్పుమూటతో కాపడం పెట్టింది.
శనివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా కొండకు పోయి
సాయంత్రానికి గుండుతో వచ్చింది,
చెవుల దాకా గంధం.
"మొక్కు తీరినాక కదమ్మా ఇచ్చేది?"
"దేవునికి అప్పు పెట్టకూడదు మే,
అడ్వాన్సు ఇచ్చొచ్చినా."
వీధి వీధంతా నవ్వింది:
బోడిగుండుకూ మోకాలికీ ముడి అంటే విన్నాం గానీ
నాగసుబ్బమ్మ ఏసి చూపించిందే!

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఖలందర్ సారు
నా మోకాలి వైపే చూడలేదు.
ఒంటికాలి మీద సగం కూర్చో, అన్నాడు.
కూర్చుంటే మోకాలు లోపలికి ఒరిగింది,
సిగ్గుపడిన పెండ్లికూతురు తల మాదిరి.
"నొప్పి ఈడ. తప్పు ఆడ"
విజిల్ కొసతో తుంటిని చూపించినాడు.
"మోకాలు నడిమింటి కోడలు పాపా.
పైన తుంటి సోమరిది, కింద మడమ వంకరది,
ఇద్దరి గొడవకూ దెబ్బలు దీనికి."

అంగలు పొట్టివి చెయ్యమన్నాడు,
అడుగు నీ కిందనే పడల్ల, నీ ముందర కాదు.
తారు ఇడిచి మట్టి మీదికి రమ్మన్నాడు.
ఈ వారం పరిగెత్తినదానికి
వచ్చే వారం చిటికెడే కలపమన్నాడు, కూరలో ఉప్పు మాదిరి.
"సన్నగా లాగితే ఓర్చుకో.
తెల్లారినా పోకపోతే ఆ రోజు పరుగు ల్యా.
వాస్తే మాత్రం నా కాడికి రావద్దు,
డాక్టరు కాడికి పో."
బూట్ల గురించి ఏమీ అనలేదు.
ఊరికే వాటిని చూసినాడు. ఆ నెల చీటీ పాడి కొత్తవి కొన్నా.

రాత్రిళ్లు ఇంట్లో నల్లబండల మీద
పక్కకు తిరిగి పడుకుని
కాలు ఎత్తేది, దించేది, ఎత్తేది.
నాలుగో రోజు చూస్తే నా పక్కన
కొంగు బొడ్లో దోపుకుని అమ్మ.
ముప్పై ఏండ్లు గొంతుక్కూర్చుని
ఊరి గిన్నెలు తోమిన మోకాళ్లు ఆమెవి.
"నేనెప్పుడు పరిగెత్తినానని మే ఇవి నొస్తాండాయి?"
నా దగ్గర జవాబు లేదు.
ఇరవై లెక్కపెట్టినాం ఇద్దరమూ,
పదిహేను కాడ ఆమె మోసం చేసింది.

హుసేనప్ప నన్నారి బండి కాడ
గ్లాసుల్లోకి పోగా మిగిలిన ఐసు ముక్కలు
పాత తువ్వాల్లో చుట్టుకుని తెచ్చుకుంటా.
పావుగంట మోకాలి మీద పెడితే
నొప్పి పోతాదో లేదో తెల్దు గానీ
ఇల్లంతా నన్నారి వాసన.

పరుగు వచ్చే నెల తొమ్మిదిన.
నిన్న నాలుగు రౌండ్లు పూర్తి చేసినా,
చివరి మలుపులో ఇసక కొంచెం పలికింది.
కొంచెమే.

రాత్రి కరెంటు పోయింది.
ఐసు తీసేసిన మోకాలి మీద
అమ్మ తల పెట్టుకుని పడుకునింది.
"సల్లగుంది మే, కదలొద్దు."
వడ్లగింజంత మొలిచిన వెంట్రుకలు
చర్మానికి గుచ్చుకుంటా ఉన్నాయి.
కాలు తిమ్మిరెక్కుతాండాది.
కదల్లేదు నేను.